మెదక్ గోపురం, మా మామ కమాను

ఆ రోజుల్లో బాన్సువాడలో ఫొటో అంటే మనిషి పోయాక గోడకు వేలాడదీసే వస్తువని జనం అభిప్రాయం. బతికున్నవాడు కెమెరా ముందు నిలబడితే ఆయుష్షులో కొంత ఆ డబ్బాలోకి పోతుందని మా వాడలో అందరికీ గట్టి నమ్మకం. ఇప్పుడు పెళ్లిళ్లలో పంతులుగారి కంటే ముందు ఫొటోగ్రాఫరు వచ్చి కూర్చుంటుంటే, ఆయన ఎటు తిరగమంటే పెళ్లికొడుకు అటు తిరుగుతుంటే, నాకు కొంచెం అసూయగా ఉంటుంది. నేను కెమెరా మెడలో వేసుకుని వీధిలోకి వస్తే ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. ఆ కెమెరా కూడా నేను కొన్నది కాదు. నిజాంసాగర్ కాలువ పనుల మీద వచ్చిన ఒక ఓవర్సీరు, బదిలీ అయి పోతూ, సామాను బండిలో పట్టక నాకు ఇచ్చి పోయాడు. (ఆయన మనసారా ఇచ్చాడో, నేను ఆయన మూటలు మోసి మోసి మొహమాటపెట్టానో ఇప్పుడు తేల్చి చెప్పడం కష్టం.) నాకప్పుడు ఇరవై ఏళ్లు. చదువు పూర్తయిందనడం కంటే, చదువుకే నా మీద విసుగు పుట్టిందనడం సబబు. మనుషులు ఫొటోకు దొరకరు కాబట్టి నేను కట్టడాల మీద పడ్డాను. మసీదు మినార్లు, కచేరీ మెట్లు, కాలువ తూములు, ఏదో ఒకటి. కట్టడానికి ఆయుష్షు భయం లేదు, ఉన్నా లేచి పారిపోలేదు. ఆ విధంగా ఊరు నాకు 'డబ్బాయన' అని పేరు పెట్టింది.

ఆ డబ్బా వల్ల నాకు ఒక పెద్ద చిక్కు వచ్చింది. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. నస్రుల్లాబాద్ దగ్గరి పల్లెలో ఉండేవాడు. కాలువ నీళ్లు వచ్చాక వరితో పాటు చెరుకు కూడా వేసి, నాలుగు రాళ్లు వెనకేసి, ఊళ్లో పెద్ద పటేలు అనిపించుకున్నాడు. ఆయన కూతుర్ని నాకు చేసుకోవాలని చిన్నప్పటి నుంచీ ఇరువైపులా అనుకున్నదే. అలా అనుకున్న సంగతి అందరికంటే ఎక్కువ గుర్తు పెట్టుకున్నది నేను. కానీ ఆ ఏడాది మద్నూర్ నుంచి ఆ పిల్లకు ఇంకో సంబంధం వచ్చింది. పత్తి చేలు, సొంత ఇల్లు, తెలుగెంత జోరుగా వస్తుందో మరాఠీ అంత జోరుగా వచ్చే పిల్లగాడు. మామ ఒకరోజు మా ఇంటికి వచ్చి, నేను లోపలి గదిలో ఉన్నానని తెలిసీ, అందరికీ వినిపించేలా మా అమ్మతో మాట్లాడాడు.

"అక్కా, పిల్లగాడు మంచోడే, నేను కాదంటలేను. కాని ఏం పని చేస్తుండు? గా డబ్బ మెడకేసుకొని గోడల ఫొటోలు తీసుకుంట తిరుగుతుండు. గోడలు బువ్వ పెడ్తయా?"

"పెట్టకుంటె నా కొడుకు ఇప్పటిదాంక ఏం తిన్నడు?" అన్నది మా అమ్మ. నేను తిన్నది ఎవరు పండించిందో ఆమెకు తెలియక కాదు, తమ్ముడి ముందు తగ్గడం ఇష్టం లేక.

మామ నవ్వి, అసలు సంగతి చెప్పాడు. ఆయన ఇంటి ముందు కొత్తగా కమాను కట్టించాలనుకుంటున్నాడు. అటుపక్క ఊరి పటేలు తన వాకిలికి రెండు సింహాలను పెట్టించాడట. అంతకు మించినది కావాలి. మెదక్‌లో ఒక చర్చి ఉందని, దాని కమానులు మన వాటిలా గుండ్రంగా ఉండక అరచేతులు జోడించినట్టు పైన మొన తేలి ఉంటాయని, గోపురం చూడబోతే మెడలు పట్టేస్తాయని ఒక బెల్లం బండివాడు ఆయనకు చెప్పాడు. (ఆ కట్టుబడిని గోథిక్ అంటారని చాలా ఏళ్ల తర్వాత నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. అప్పుడు మేము 'మొన కమాను' అనేవాళ్లం, దానికేమీ లోటు రాలేదు.) వెళ్లి చూసి వద్దామంటే మామకు మోటారు బస్సు గిట్టదు. ఆ వాసనకే కడుపులో తిప్పుతుంది. బండి కట్టుకుని పోదామంటే చెరుకు పనులు వదిలే వీలు లేదు.

"అల్లుడా," అని లోపలికి కేకేశాడు. "గా గుడి ఫొటో తీసి పట్క రా. మేస్త్రి అది చూసి కడ్తడు. కమాను మంచిగ లేస్తే నీ డబ్బ పనికొచ్చేదే అనుకుంట. లేకుంటె మద్నూరోల్లకు మాట ఇచ్చేస్త."

ఇంత మాట అన్నాక నాకు నిద్ర ఎలా పడుతుంది. అవి లడాయి రోజులు, ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఫిల్ము దొరకడమే గగనం. నా దగ్గర దాచుకున్న రోలు ఒకటి ఉండేది. దాన్ని కెమెరాలో వేసుకుని, మా అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు మూట కట్టుకుని, ఎల్లారెడ్డి మీదుగా మెదక్ బస్సెక్కాను.

ఆ చర్చిని మొదటిసారి చూసినప్పుడు నేను ఎందుకు వచ్చానో మర్చిపోయాను. అంత రాయి అంత పైకి ఎలా పోయిందో నాకు అర్థం కాలేదు. కిటికీలన్నీ మొన తేలి, గోపురం మీద చిన్న చిన్న గోపురాలు, వాటి మీద ఇంకా చిన్నవి, చూస్తున్నకొద్దీ కొత్తవి కనిపిస్తున్నాయి. ముందు దూరంగా ఆవరణ దర్వాజ దగ్గర నిలబడి కెమెరా పట్టాను. అంతా పట్టింది కానీ గోపురం నా చిటికెన వేలంత కనబడింది. దాన్ని చూసి మేస్త్రి ఏం కడతాడు, అగ్గిపెట్టె కడతాడు. అందుకని దగ్గరికి, ఇంకా దగ్గరికి, మెట్ల దాకా పోయాను. అక్కడి నుంచి కమానులు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి గానీ గోపురం మొన అందడం లేదు. డబ్బా కెమెరాను పొట్టకు ఆనించి, పైనున్న చిన్న అద్దంలోకి తల వంచి చూడాలి. మొన అందాలంటే మొత్తం ఒళ్లు వెనక్కి వంచాలి. మోకాళ్ల మీద కూర్చుని, డబ్బాను పొట్టకు అదుముకుని, వెనక్కి వంగుతూ వంగుతూ ఉంటే చర్చి కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది బిడ్డా, కడుపునొస్తున్నదా? దవాఖాన దగ్గర్నే ఉన్నది, పోదాం దా."

నేను నొప్పి కాదు, ఫొటో అన్నాను. ఆయన నమ్మలేదు. నా వీపు కింద చెయ్యి పెట్టి, నేను పడిపోకుండా పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే పడమటి నుంచి మబ్బులు కమ్ముకొచ్చాయి. నేను లెన్సు ముందు పసుపురంగు గాజుముక్క పెట్టాను. అలా పెడితే ఆకాశం నల్లగా, రాయి తెల్లగా వస్తుందని ఓవర్సీరు చెప్పి పోయాడు. రోలంతా అలాగే, కాపలాదారు చేతి మీద వాలి, పూర్తి చేశాను.

మా వడ్ల కొట్టులో తలుపు సందులన్నీ గోనెలతో మూసి, కందిలి చుట్టూ ఎర్ర కాయితం చుట్టి ఫిల్ము కడిగాను. తర్వాత నిజామాబాదులో స్టూడియో ఆయన దగ్గర పెద్దది చేయించుకుని వచ్చాను. అబద్ధం ఎందుకు, ఆ ఫొటో చూసి నాకు నా మీద గౌరవం పుట్టింది. నల్లని ఆకాశంలోకి తెల్లని గోపురం దూసుకుపోతున్నట్టు ఉంది. కింద వెడల్పుగా మొదలై, పైకి పోతున్నకొద్దీ రెండు వైపులా దగ్గరికొచ్చి, చివరకు మొనలో కలిసిపోతోంది. ఇదేమిటి, చర్చి నిట్టనిలువుగా కదా ఉండాలి అన్న ఆలోచన నాకు రానేలేదు. ఎంత ఎత్తు, ఎంత ఎత్తు అనుకుని మురిసిపోయాను. తీసుకెళ్లి మామ చేతిలో పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. "వాన పడ్డదా?" అన్నాడు.

"లేదు మామా."

"మరి గింత మబ్బెందుకు పెట్టినవ్?"

"అందానికి మామా."

వాన పడని మబ్బులో అందం ఏముందో రైతుకు అర్థం కాదని ఆయన మొహంలోనే తెలిసింది. అయినా కమానులు చూసి సంతోషించాడు. మేస్త్రిని పిలిచి ఫొటో అప్పగించాడు. ఆ మేస్త్రిని అందరూ 'కోట మేస్త్రి' అనేవారు. వాళ్ల తాతలు కోట గోడలు కట్టినవాళ్లు. నాకు ఆ రోజు నుంచి మామ ఇంటికి రాకపోకలు బంద్. పిల్ల సంగతి మాటల్లో ఉండగా పిల్లగాడు ఆ గడప తొక్కితే నలుగురిలో బాగుండదని మా అమ్మ గట్టిగా చెప్పింది. అందుకే కమాను ఎలా లేస్తుందో నేను చూడలేదు. అచ్చం ఫొటో లెక్కనే లేస్తున్నదని, మామ రోజూ పొద్దున ఫొటోను ఎత్తి పట్టుకుని, కమానుతో పోల్చి చూసి, మీసం సవరించుకుంటున్నాడని కబుర్లు వచ్చేవి. నేను ఇక్కడ మీసం సవరించుకునేవాణ్ణి, ఉన్నంతలో.

వరికోతలు అయ్యాక ముహూర్తం పెట్టారు. మా దిక్కు కొత్త దర్వాజలోంచి ముందుగా పంట లోపలికి రావాలి, ఆ తర్వాతే వచ్చిన చుట్టాలు. మొదట వడ్ల బండి, వెనక గడ్డి బండి. చుట్టుపక్కల పటేళ్లంతా వచ్చారు. మద్నూర్ సంబంధం తరఫున ఒక పెద్దమనిషి కూడా వచ్చి నులక మంచం మీద కూర్చున్నాడు. నేను మా అమ్మ వెంట వెళ్లి, కమానును చూసి ఆగిపోయాను. అందంగానే ఉంది, అందులో మాట లేదు. మొన కూడా చక్కగా తేలింది. కానీ రెండు పక్కల స్తంభాలు నిలువుగా లేవు. కింద ఎడంగా నిలబడి, పైకి పోతూ పోతూ ఒకదాని మీదికి ఒకటి వాలాయి. అచ్చం నా ఫొటోలోలాగే.

వడ్ల బండి బస్తాలతో దర్జాగా లోపలికి పోయింది. అందరూ సంతోషపడ్డారు. వెనక గడ్డి బండి కదిలింది. వరిగడ్డి బండి ఎలా ఉంటుందో మీకు తెలుసు, చక్రాల దగ్గర సన్నగా, పైకి పోతున్నకొద్దీ నాలుగు వైపులా పొంగి ఉంటుంది. కమానేమో కింద వెడల్పు, పైన ఇరుకు. ఎద్దులు లోపలికి పోయాయి, చక్రాలు పోయాయి, గడ్డి మాత్రం పోలేదు. బండివాడు అదిలించాడు. ఎద్దులు బలంగా లాగేసరికి గడ్డి ఇంకా గట్టిగా బిగుసుకుంది. వెనక్కి తోస్తే వెనక్కీ రాలేదు. దర్వాజ పూర్తిగా మూసుకుపోయింది. లోపలివాళ్లు లోపల, బయటివాళ్లు బయట. వెనక వరసలో ఉన్న ఇంకో బండి ఎద్దులు ముందుకొచ్చి, ఏ ఫికరూ లేకుండా, కమానులోంచి వేలాడుతున్న గడ్డిని నమలసాగాయి.

"పటేలా," అన్నాడు మద్నూర్ పెద్దమనిషి తాపీగా, "నీ కమానుకు మస్తు ఆకలైనట్టున్నది."

జనం నవ్వారు. మామ నవ్వలేదు. అటు నుంచి కొందరు, ఇటు నుంచి కొందరు గడ్డి పీకి పీకి దారి చేసేసరికి వంటలన్నీ చల్లారాయి. మామ మేస్త్రిని పిలిచి, ఏందిది అని అడిగాడు.

మేస్త్రి బెదరలేదు. "ఫొటో తెండ్రి," అన్నాడు. తెచ్చారు. ఒక గడ్డిపోచ తెంచి, ఫొటోలో గోపురం అడుగున ఆనించి కొలిచాడు, పైన ఆనించి కొలిచాడు. "ఎంత సన్నగైందో చూడుండ్రి. మా తాత కోట గోడ గూడ గిట్లనే కట్టిండు, కింద వెడల్పు మీద సన్నం. మంచి పద్ధతే అనుకున్న. ఫొటోల ఉన్నదే కట్టిన, నా సొంతం ఒక్క రాయి పెట్టలే."

అందరి చూపులూ నా మీదికి మళ్లాయి. మామ నా దగ్గరికి వచ్చాడు.

"అల్లుడా, గుడి నిజంగ గిట్లనే ఉన్నదా?"

"లేదు మామా. నిలువుగనే ఉన్నది."

"మరి ఫొటోల గిట్లెందుకున్నది?"

"అట్ల వచ్చింది మామా."

"అంటె నీ డబ్బ అబద్ధమాడ్తదన్నట్టు."

గుడి వాలి ఉంది అంటే నేను అబద్ధాలవాణ్ణి, నిలువుగా ఉంది అంటే నా కెమెరా అబద్ధాలది. ఎటు చూసినా పిల్ల మద్నూర్ పోతుంది. మద్నూర్ పెద్దమనిషి మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. అప్పుడు వంటింటి గుమ్మంలో ఆడవాళ్ల మధ్య నుంచి ఒక గొంతు వచ్చింది. నలుగురిలో ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు.

"బావా, ఏడ నిలబడి తీసినవ్?"

"మెట్ల కాడ," అన్నాను. "మోకాళ్ల మీద కూసొని."

"బాపూ," అన్నది ఆమె తండ్రితో, "నువ్వు గూడ పోయి గాడనే కూసొని చూసి రా. చూసినంక చెప్పు, ఎవలు అబద్ధమో."

కూతురు పదిమందిలో అడిగాక మామ కాదనలేకపోయాడు. మర్నాడు బస్సెక్కాడు, నన్ను వెంటబెట్టుకుని. ముక్కు దగ్గర నిమ్మకాయ, నెత్తి మీదుగా మొహం కప్పుకున్న తువ్వాల. దారి పొడవునా ఆయన పలికింది ఒక్కటే మాట, "ఇంకెంత దూరమున్నది?" మెదక్ దగ్గర పడ్డాక దూరం నుంచే గోపురం కనిపించింది. నిటారుగా, గుంజ పాతినట్టు, రవ్వంత వంపు లేకుండా. ఆయన ఇప్పుడు తువ్వాల తీస్తే నా పని అయిపోయినట్టే. ఆయన తియ్యలేదు, తీసే స్థితిలో లేడు. దిగాక కూడా కాళ్లు తడబడుతుంటే నా భుజం పట్టుకుని, కింద నేల చూసుకుంటూ నడిచాడు. కాపలాదారు నన్ను గుర్తుపట్టాడు.

"బిడ్డా, కడుపునొప్పి తగ్గిందా?"

మామ ఠక్కున ఆగాడు. "నీకు కడుపునొప్పి ఉన్నదా? మాకెన్నడు చెప్పకపోతిరి."

అది కూడా ఒక పెద్ద కథ అయింది. ఎలాగో సర్దిచెప్పి మెట్ల దగ్గరికి తీసుకొచ్చాను. మామ కూతురు చెప్పింది చెప్పినట్టు చేశాడు. పటేలు మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో ఫొటో, ఒక చేత్తో నెత్తికి చుట్టిన తలపాగా రుమాలు పట్టుకుని, వెనక్కి వాలి పైకి చూశాడు. రుమాలు జారి కింద పడింది. ఆయన పట్టించుకోలేదు. కాపలాదారు ఇది ప్రార్థన అనుకుని చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. అప్పుడు మామ మాట వినిపించింది.

"సన్నగనే పోతున్నది."

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, ఆవరణ దర్వాజ దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగాడు. నేను భయపడినంతా అయింది. చెట్టు నీడలో నిలబడి గోపురాన్ని చూస్తాడు, ఫొటో చూస్తాడు, మళ్లీ గోపురాన్ని చూస్తాడు.

"ఈడికెళ్లి చూస్తే నిలువుగున్నది," అన్నాడు.

"అవును మామా."

"గాడ కూసొని చూస్తే సన్నగైతున్నది."

"అవును మామా."

"డబ్బ అబద్ధమాడలే. నువ్వాడలే. మేస్త్రి ఆడలే. ఇగ మిగిలిందెవలు? నేను. కండ్లతోని చూడకుండ కమాను కట్టిచ్చుకున్నోన్ని." రుమాలు మళ్లీ నెత్తికి చుట్టుకున్నాడు. "మద్నూరోల్లకు మనిషిని పంపాలె."

"ఏమని మామా?" అన్నాను.

"పిల్ల ఉన్నదనుకొని కూసోకండ్రి అని."

తిరుగు ప్రయాణంలో ఆయన తువ్వాల కప్పుకోలేదు. కిటికీ పక్కన కూర్చుని, గోపురం కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు. నిమ్మకాయ సంగతే మర్చిపోయాడు. ఎల్లారెడ్డి దగ్గర దాని ఫలితం అనుభవించాడు, అది వేరే విషయం.

ఆ కమాను కిందుగానే నేను పెళ్లికొడుకునై లోపలికి పోయాను. దాన్ని పడగొట్టి మళ్లీ కట్టిస్తానని మేస్త్రి బతిమాలినా మామ ఒప్పుకోలేదు. బదులుగా బండివాళ్లు గడ్డి పేర్చడం మార్చారు. కింద వెడల్పుగా మొదలుపెట్టి, పైకి సన్నగా తెచ్చి, మొన తేల్చేవారు. ఆ దిక్కున రోడ్డు మీద మొనదేలిన గడ్డి బండి కనబడితే అది ఏ ఊరిదో ఎవరైనా చెప్పేవారు. పెళ్లయిన కొత్తలో మా ఆవిణ్ణి అడిగాను, దగ్గర్నుంచి చూస్తే గోపురం వాలినట్టు కనిపిస్తుందని నీకెలా తెలుసు అని. ఆమె బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"నాకేమెరుక. నువ్వు చూసింది బాపు గూడ చూడాలె అనుకున్న, గంతే."

ఏమీ తెలియకుండానే ఆమె నా మీద అంత నమ్మకం పెట్టింది. ఆ మాటకు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. చాట దుమ్ము పడిందని చెప్పి తప్పించుకున్నాను.

తర్వాత నాకు ఫొటోలే బతుకుతెరువు అయ్యాయి. హైదరాబాదులో, బొంబాయిలో అలాంటి మొన కమానుల కట్టడాలు ఎన్నో తీశాను. ఎంత దూరం నిలబడాలో, కెమెరాను ఎలా మట్టంగా పెట్టాలో, గోడలు నిలువుగా రావాలంటే ఏం చేయాలో నేర్చుకున్నాను, పదిమందికి నేర్పాను కూడా. అయితే ఏ గోపురం ముందు దిగినా, ఈ వయసులో కూడా, నా కాళ్లు దూరంగా పోవు. నేరుగా మెట్ల దగ్గరికే పోతాయి. మోకాళ్లు కిర్రుమంటుంటే నెమ్మదిగా కూలబడి, కెమెరా పొట్టకు ఆనించుకుని, వెనక్కి వాలతాను. డాక్టరు మెడ ఎత్తొద్దన్నాడు, అది గుర్తుండదు. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా వీపుకు ఆనుతుంది.

"ఇగ చాలు తియ్యి, పడ్తవ్," అంటుంది మా ఆవిడ.

నేను ఇంకొంచెం వెనక్కి వాలతాను.